భుజం ఓర్చని తూటా ఎందుకు?

ఎల్క్ వేటకు మాగ్నమ్ రైఫిల్ తప్పదన్న మాట అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో తిరుగులేని సూత్రంలా చలామణి అవుతోంది. కొలరాడోలోనో మొంటానాలోనో ఐడహోలోనో తుపాకుల దుకాణానికి వెళ్లి, తొలిసారి వేటకు వస్తున్న భార్యకో, పదహారేళ్ల కూతురికో, భుజానికి ఆపరేషనైన తండ్రికో రైఫిల్ కావాలని అడగండి. తరచుగా మొదట వినపడే పేరు .300 విన్‌చెస్టర్ మాగ్నమ్. బాగా తన్నుతుంది కదండీ అంటే, నాలుగు పెట్టెలు కాలిస్తే అలవాటైపోతుందంటారు. ఆ తన్నుకు ఆమె బెదిరిపోతోందండీ అని గట్టిగా చెబితే, ఎల్క్ కళ్లెదుట నిలబడ్డాక తన్ను ఎవరికి తెలుస్తుందంటారు. ఎల్క్ మొండి జంతువు, గురి కాస్త తప్పినా పడగొట్టే సత్తా తూటాలో ఉండాలి అని ఆఖరికి తేల్చేస్తారు.

ఈ మాటలన్నీ తప్పు. ఏళ్ల తరబడి వేటాడినవాళ్లు చెప్పినా తప్పే. దీన్ని ఇంత ఆవేశంగా ఖండించడానికి కారణం ఉంది. ఈ సలహాకు మూల్యం చెల్లించేది సలహా ఇచ్చినవాళ్లు కాదు, ఆ రైఫిల్ కొన్నవాళ్లు కూడా కాదు. పొట్టలో బుల్లెట్‌తో దట్టమైన స్ప్రూస్ అడవిలోకి వెళ్లిపోయి, గంటల తరబడి చావలేక చచ్చే ఎల్క్ ఆ మూల్యం చెల్లిస్తుంది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నేరం. కాబట్టి మన పాఠకులకు రెండు ముక్కలు చెప్పాలి. ఎల్క్ మన కణుజుకు పెద్దన్న లాంటి దుప్పి. రాకీ పర్వతాల మగ ఎల్క్ సుమారు 700 పౌండ్లు, అంటే 320 కిలోల దాకా తూగుతుంది, ఆడది 500 పౌండ్ల దరిదాపుల్లో ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఉత్తర అమెరికాలో లక్ష కూడా లేని ఈ జంతువులు ఇప్పుడు పది లక్షల దరిదాపుల్లో ఉన్నాయి. లైసెన్సు రుసుములూ, 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకుల మీదా తూటాల మీదా వసూలయ్యే పన్నూ ఆ పునరుద్ధరణకు చాలా డబ్బు సమకూర్చాయి. ఎవరు ఎన్నిటిని, ఏ వారాల్లో, ఏ కొండల్లో చంపవచ్చో రాష్ట్ర వన్యప్రాణి శాఖ నిర్ణయిస్తుంది. వేట సరైనదా కాదా అన్నది వేరే చర్చ. చట్టం అనుమతించిన చోట, చంపాలనే నిర్ణయం జరిగిపోయాక, ఆ చావు త్వరగా జరగాలన్న విషయంలో రెండు అభిప్రాయాలకు తావు లేదు. నా వాదమంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

ముందు తన్ను సంగతి. తుపాకి ఎంత తన్నుతుందన్నది బుల్లెట్ బరువు, దాని వేగం, వెనక కాలే మందు బరువు, రైఫిల్ బరువు, ఈ నాలుగింటి మీద ఆధారపడే లెక్క. 8 పౌండ్ల రైఫిల్ తీసుకుందాం. అందులో 180 గ్రెయిన్ల బుల్లెట్‌తో .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ పేలిస్తే భుజం మీదికి వచ్చే శక్తి సుమారు 30 ఫుట్‌పౌండ్లు. అదే బరువు బుల్లెట్‌తో .30-06 అయితే 22. .270 విన్‌చెస్టర్ 130 గ్రెయిన్లతో 17. .308 విన్‌చెస్టర్ 150 గ్రెయిన్లతో 16. 7ఎంఎం-08 రెమింగ్టన్ 140 గ్రెయిన్లతో 14. 6.5 క్రీడ్‌మూర్ 13 చిల్లర. అంటే 7ఎంఎం-08 కన్నా మాగ్నమ్ రెండింతలకు పైగా తన్నుతుంది. కొండలెక్కడానికి తేలిగ్గా ఉంటుందని అదే మాగ్నమ్‌ను ఆరున్నర పౌండ్ల రైఫిల్‌లో అమ్ముతున్నారు. అప్పుడు ఆ 30 కాస్తా 37 అవుతుంది. సన్నగా ఉన్న మనిషికి తేలికైన రైఫిల్ మంచిదన్న దయగల ఆలోచన ఆ మనిషి భుజం మీద ఇలా పడుతుంది.

ఈ దెబ్బకు శరీరం నేర్చుకునే పాఠమే ఉలికిపాటు. ట్రిగ్గర్ కదలబోతోందని వేలికి తెలిసే క్షణంలో కళ్లు మూసుకుంటాయి, భుజం ముందుకు తోస్తుంది, చెయ్యి బిగుస్తుంది, గొట్టం మూతి కిందికి దిగుతుంది. ఇదంతా పేలకముందే జరిగిపోతుంది. కాల్చిన మనిషికి తెలియదు కూడా, ఎందుకంటే పేలుడు దాన్ని కప్పేస్తుంది. దీన్ని బయటపెట్టే పరీక్ష ఒకటుంది: పక్కవాళ్లు రైఫిల్ నింపి ఇవ్వాలి, కొన్నిసార్లు అసలు తూటాతో, కొన్నిసార్లు ఉత్తుత్తి తూటాతో. ఏది లోపలుందో కాల్చేవాళ్లకు తెలియకూడదు. ఉత్తుత్తి తూటా మీద ట్రిగ్గర్ నొక్కినప్పుడు టక్కుమన్న శబ్దంతో పాటు మూతి జారిపోవడం అందరికీ కనపడుతుంది. భారీ మాగ్నమ్‌లను గర్వంగా మోసుకు తిరిగే అనుభవజ్ఞుల్లో ఎంతోమంది ఈ పరీక్షలో తేలిపోతారు. ఇది ధైర్యానికి సంబంధించిన విషయం కాదు, ఆడామగా తేడా అంతకన్నా కాదు. చెవి పక్కన 160 డెసిబెళ్లకు పైబడిన చప్పుడుతో, కంటికి మూడు నాలుగంగుళాల దూరంలో లోహపు దుర్భిణితో, ఎముక మీద గుద్దే యంత్రానికి నరాలు ఇచ్చే జవాబు అది.

ఇప్పుడు ‘ఎల్క్ ఎదురుగా ఉంటే తన్ను తెలియదు’ అన్న మాట చూద్దాం. ఇందులో సగం నిజముంది, అందుకే ఇంతకాలం బతికింది. జంతువు మీద కాల్చినప్పుడు నొప్పి చాలామందికి గుర్తుండదు. కానీ గురిని చెడగొట్టేది ఆ నొప్పి కాదు. ఆగస్టులో, సెప్టెంబరులో రేంజ్‌లో బల్ల మీద వాలి కాల్చినప్పుడు శరీరం నేర్చుకున్న ముందస్తు బెదురు గురిని చెడగొడుతుంది. అక్టోబరులో ఎల్క్‌ను చూడగానే ఆ బెదురు మాయమవదు. గుండె దడదడలాడుతూ, ఊపిరి అందని పదివేల అడుగుల ఎత్తులో, నిలకడ లేని భంగిమలో అది ఇంకా పెరుగుతుంది. ‘తన్ను తెలియదు’ అని ఓదార్చేవాళ్లు తూటా పేలాక జరిగేదాని గురించి మాట్లాడుతున్నారు. నష్టం అంతకుముందే జరిగిపోయింది.

అసలు తూటా ఎల్క్‌ను ఎలా చంపుతుందో ఈ వాదం చేసేవాళ్లు ఎప్పుడూ తిన్నగా చెప్పరు. ‘పడగొట్టే బలం’ అంటారు. ఏ బలానికైనా సమానమైన ఎదురు తోపు ఉంటుందని బడిలో చదువుకున్నాం. 180 గ్రెయిన్ల మాగ్నమ్ బుల్లెట్ తన జోరంతా గొట్టం మూతి దగ్గరే 700 పౌండ్ల ఎల్క్‌కు ధారపోసిందనుకున్నా, ఆ తోపుకు ఎల్క్ శరీరం కదిలే వేగం సెకనుకు అంగుళం పైచిల్లర మాత్రమే. జంతువును విసిరిపడేసే బలమే బుల్లెట్‌లో ఉంటే, అదే తోపు తిన్న వేటగాడు వెనక్కి ఎగిరిపడాలి. తోపుకు ఎల్క్ పడదు. రెండు ఊపిరితిత్తులూ చిల్లులు పడితే, లేదా గుండె మీది పెద్ద రక్తనాళాలు తెగితే, మెదడుకు రక్తం అందక సెకన్లలో కుప్పకూలుతుంది. వెన్నెముకో మెదడో దెబ్బతింటే ఉన్నచోటే పడుతుంది. ఇంకెక్కడ తగిలినా, బుల్లెట్ మీద ఏ పేరు రాసి ఉన్నా, ఎల్క్ నడుస్తుంది.

ముందు కాలు వెనక, ఛాతీ మధ్యలో, పక్కకు తిరిగి నిలబడిన ఎల్క్ ఊపిరితిత్తుల చోటు అడుగుకు పైగా వెడల్పు ఉంటుంది. నిదానంగా ట్రిగ్గర్ నొక్కగలిగే మనిషికి ఇది ఉదారమైన లక్ష్యం. ఉలికిపడే మనిషికి మాత్రం రెండడుగుల వెనకున్న పొట్టే తగులుతుంది. పొట్టలో .300 మాగ్నమ్ తగిలిన ఎల్క్‌కూ, పొట్టలో .243 తగిలిన ఎల్క్‌కూ తేడా ఏమిటి? రెండూ మైళ్లకొద్దీ వెళ్తాయి, రెండిటి నెత్తుటి జాడా కాసేపటికి ఆగిపోతుంది. గురి తప్పితే పెద్ద తూటా కాపాడుతుందన్న మాట వేటలోకెల్లా ప్రమాదకరమైన భ్రమ. ఆ పెద్ద తూటాయే గురి తప్పడానికి కారణమైనప్పుడు అది కాపాడుతుందనడం మరీ అన్యాయం.

బుల్లెట్ కట్టుబడి అనేది అసలు విషయం. దానికి సాక్ష్యంగా 1946లో జరిగిన ఒక సంగతి చెప్పుకోవాలి. జాన్ నోస్లర్ అనే ఆరెగాన్ మనిషి కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూస్ అనే ఇంకా పెద్ద దుప్పి వేటకు వెళ్లాడు. చేతిలో .300 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్, ఆ రోజుల్లో అంతకన్నా ఘనమైనది కొద్దిమంది దగ్గరే ఉండేది. ఒళ్లంతా ఎండిన బురద పట్టిన పెద్ద మగ మూస్ మీద కాల్చాడు. బుల్లెట్లు పైపైనే విచ్చిపోయి లోపలికి దిగలేదు, జంతువు పడలేదు. ఆయన ఇంటికి వచ్చి ఇంకా పెద్ద రైఫిల్ కొనలేదు. బుల్లెట్ మధ్యలో రాగి అడ్డుగోడ పెట్టి, ముందు సగం విచ్చుకున్నా వెనక సగం గట్టిగా నిలిచి లోపలికి దూసుకెళ్లేలా కొత్త బుల్లెట్ చేశాడు. అదే పార్టిషన్, 1948 నుంచి అమ్మకంలో ఉంది, ఇప్పటికీ ఎల్క్ వేటగాళ్లు కొంటున్నారు. మాగ్నమ్ చేతిలో ఉండి విఫలమైన మనిషి ఆ వైఫల్యానికి కారణం తూటా సైజులో వెతకలేదు. మిగతావాళ్లు మాత్రం ఈనాటికీ అక్కడే వెతుకుతున్నారు.

నోస్లర్ కథలో ఇంకో పాఠం కూడా ఉంది. బుల్లెట్ ఎంత వేగంగా తగిలితే అంత తొందరగా చితుకుతుంది. యాభై గజాల దగ్గర మాగ్నమ్ వేగంతో భుజం ఎముకకు తగిలిన మెత్తటి బుల్లెట్ ముక్కలైపోవచ్చు. అదే బుల్లెట్ కొంచెం తక్కువ వేగంతో వెళ్తే కలిసికట్టుగా ఉండి లోతుకు దిగుతుంది. వేగం ఎప్పుడూ లాభమే అనుకోవడం పొరపాటు.

తర్వాత వచ్చిన పూర్తి రాగి బుల్లెట్లు ఈ వాదాన్ని ఇంకా తేల్చేశాయి. ఇవి ముక్కలు కావు, దాదాపు తమ బరువంతా నిలుపుకుంటాయి. అందుకే పాత లెక్కల్లో 150 గ్రెయిన్లు కావలసిన చోట 120, 130 గ్రెయిన్ల రాగి బుల్లెట్ అదే లోతుకు వెళ్తుంది. బుల్లెట్ బరువు తగ్గితే తన్నూ తగ్గుతుంది. సీసపు తునకలు మాంసంలో, గద్దలూ రాబందులూ తినే పేగుల కుప్పలో మిగలవు. ఈ కారణంతోనే కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసపు బుల్లెట్లు పూర్తిగా నిషేధించారు. రాగికి ఒక్క షరతు ఉంది: నెమ్మదిగా తగిలితే అది విచ్చుకోదు. తగిలేటప్పుడు సెకనుకు రెండువేల అడుగుల వేగం తగ్గకుండా చూసుకోవాలి.

ఉత్తర ఐరోపా ఈ చర్చను ఎప్పుడో ముగించింది. స్వీడన్, నార్వేల్లో 1890ల నాటి 6.5x55 తూటాతో తరతరాలుగా మూస్‌ను వేటాడుతున్నారు. మూస్ ఎల్క్ కన్నా పెద్దది, అక్కడ ఏటా పదుల వేలల్లో చంపుతారు. స్వీడన్ చట్టం పెద్ద జంతువుల వేటకు బుల్లెట్ కనీసం 9 గ్రాములుండాలంటుంది. 10 గ్రాములకు చేరితే 100 మీటర్ల దగ్గర 2000 జౌళ్ల శక్తి చాలంటుంది. అంటే 1500 ఫుట్‌పౌండ్ల లోపే. బక్కపలచని 6.5 ఎంఎం బుల్లెట్ ఇంత పని ఎలా చేస్తుందంటే, పొడవు వల్ల. అడ్డుకొలతతో పోల్చి బరువు లెక్కిస్తే 140 గ్రెయిన్ల 6.5 బుల్లెట్, 180 గ్రెయిన్ల .30 క్యాలిబర్ బుల్లెట్ కన్నా ముందుంటుంది. తోసుకుపోవలసిన దారి సన్నం, వెనకున్న బరువు దండి. ఆ దేశాల్లో వేటగాళ్లు రైఫిల్ పేరు కన్నా కదిలే మూస్ బొమ్మ మీద సాధనకు ఎక్కువ విలువిస్తారు. పశ్చిమ అమెరికాలో ఆ శ్రద్ధ సగమున్నా నేను ఈ వ్యాసం రాయనక్కర్లేదు.

అమెరికాలోనూ ఈ వాదం కొత్తది కాదు. అవుట్‌డోర్ లైఫ్ పత్రికలో తుపాకుల సంపాదకుడుగా పనిచేసిన జాక్ ఓకానర్ జీవితమంతా .270 విన్‌చెస్టర్ పక్షాన నిలబడ్డాడు. ఎల్క్‌తో సహా పర్వత జంతువుల్ని దానితో వేటాడాడు. ఆయన భార్య ఎలనోర్ ఇంకా చిన్నదైన 7x57 మౌజర్‌తో ఉత్తర అమెరికాలోనూ ఆఫ్రికాలోనూ వేటాడింది. ఎదుటి పక్షంలో ఐడహోకు చెందిన ఎల్మర్ కీత్ లావుపాటి, బరువైన బుల్లెట్ లేనిదే ఎల్క్ జోలికి పోవద్దన్నాడు. కీత్ అబద్ధాలు చెప్పాడని నేననను. ఆయన యవ్వనంలో దొరికిన తేలికపాటి బుల్లెట్లు పలుచని తొడుగుతో ఎముక మీద పగిలిపోయేవి, ఆయన చూసింది ఆ వైఫల్యాలనే. ఆ బుల్లెట్లు పోయి చాలా కాలమైంది. వాటి మీద ఇచ్చిన తీర్పు మాత్రం దుకాణాల్లో ఇంకా అమలవుతోంది.

మనవాళ్లకు దగ్గరైన ఉదాహరణ కూడా ఉంది. 1907లో చంపావత్ నరభక్షక ఆడపులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా దక్కిన .275 రిగ్బీ, పేరు వేరైనా, అదే 7x57. రుద్రప్రయాగ చిరుతను 1926లో ఆయన చంపింది దానితోనే. ఇదే తూటాతో బెల్ అనే స్కాట్లండ్ వేటగాడు ఆఫ్రికాలో వందల ఏనుగుల్ని చంపాడు. ఏనుగు మీద అది సరైన తూటా అని నేను ఒప్పుకోను. ఆయన విచ్చుకోని గట్టి బుల్లెట్‌ను మెదడుకు గురిపెట్టేవాడు, ఆ శరీరనిర్మాణ జ్ఞానం అందరికీ ఉండదు. కానీ బుల్లెట్ ఎక్కడ తగిలిందన్నదే ముఖ్యమనడానికి ఇంతకన్నా పెద్ద రుజువు ఎవరూ చూపలేరు. ఆ 7x57కు ఆధునిక వారసుడు 1980లో వచ్చిన 7ఎంఎం-08. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ 1963లో, 7ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్ 1962లో వచ్చాయి. ఎల్క్ అంతకుముందూ ఉంది, .30-30తో, .300 శావేజ్‌తో, .30-06తో వేటగాళ్లు దాన్ని ఇంటికి తెచ్చుకుంటూనే ఉన్నారు. ఆ తర్వాత ఎల్క్ చర్మం మందమేమీ కాలేదు.

దూరం గురించిన వాదం ఇంకొకటి. మాగ్నమ్ తూటా తిన్నగా పోతుంది, పశ్చిమ కొండల్లో దూరపు గురులే ఎక్కువ అంటారు. లెక్క చూద్దాం. రెండు రైఫిళ్లనూ 200 గజాలకు సరిచేసి 300 గజాల దగ్గర కాలిస్తే, 180 గ్రెయిన్ల .300 మాగ్నమ్ సుమారు ఏడంగుళాలు కిందికి దిగుతుంది, 140 గ్రెయిన్ల 7ఎంఎం-08 సుమారు ఎనిమిది. ఆ ఒక్క అంగుళం కోసం రెండింతల తన్ను. అదే 300 గజాల దగ్గర 7ఎంఎం-08లో సుమారు 1500 ఫుట్‌పౌండ్ల శక్తి మిగిలి ఉంటుంది. 400, 500 గజాల దగ్గర మాగ్నమ్‌కు నిజమైన ఆధిక్యం వస్తుంది. గాలికి తక్కువ కొట్టుకుపోతుంది, బుల్లెట్ విచ్చుకోవడానికి వేగం మిగులుతుంది. కానీ తన్నుకు బెదిరే కొత్త మనిషి 500 గజాల దగ్గర ఎల్క్ మీద కాల్చాలా? ఆ దూరం కోసం రైఫిల్ ఎంచి, ఆ రైఫిల్ వల్ల 150 గజాల గురి కూడా పోగొట్టుకోవడాన్ని తెలివైన కొనుగోలు అంటారా?

ఎదుటి దిక్కున ఇంకో తప్పు ఉంది, దాన్నీ వదలకూడదు. ఆడపిల్లకు కదా అని .243 కొని చేతిలో పెట్టేవాళ్లున్నారు. కొలరాడో నిబంధనల ప్రకారం అది చెల్లుతుంది: ఎల్క్‌కు కనీసం .24 క్యాలిబర్, 85 గ్రెయిన్ల విచ్చుకునే బుల్లెట్, 100 గజాల దగ్గర 1000 ఫుట్‌పౌండ్ల శక్తి ఉండాలి. చట్టం గీసిన కనీసపు గీత మీద నిలబడి ఎల్క్‌ను చంపగల మనిషి, ఎప్పుడు కాల్చకూడదో బాగా ఎరిగిన మనిషి. కొత్తవాళ్లకు కొంచెం ఓరగా తిరిగిన ఎల్క్ మీద కూడా లోతుకు దిగే బుల్లెట్ కావాలి. .243 కన్నా 7ఎంఎం-08 తన్ను నాలుగైదు ఫుట్‌పౌండ్లే ఎక్కువ, కానీ లోపల చేసే పని చాలా ఎక్కువ. ‘తక్కువ తన్ను’ అని పెట్టె మీద రాసి అమ్మే నెమ్మదైన తూటాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. సాధనకు అవి వరం. ఎల్క్ మీద వాడాలంటే పెట్టె మీద అచ్చువేసిన వేగం, శక్తి పట్టిక చదివి, బుల్లెట్ ఎంత దూరం దాకా విచ్చుకుంటుందో తేల్చుకోవాలి. వాటిలో చాలావాటికి ఆ దూరం తక్కువే.

గొట్టం మూతికి మజిల్ బ్రేక్ బిగిస్తే మాగ్నమ్ కూడా మెత్తబడుతుంది కదా అన్న జవాబు తయారుగా ఉంటుంది. మెత్తబడే మాట నిజమే. కానీ మందు పొగను పక్కలకు తిప్పే ఆ పరికరం చప్పుడును కూడా పక్కలకూ వెనక్కూ తిప్పుతుంది. ఉలికిపాటులో పెద్ద వాటా చప్పుడుదే. ఎల్క్ కనపడ్డ తొందరలో చెవులు మూసుకోవడం మరిచిన వేటగత్తెకు, ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చున్న తండ్రికి, ఒక్క పేలుడుతో వినికిడి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. సైలెన్సర్ నయం, చట్టం అనుమతించే రాష్ట్రాల్లో అది తన్నునూ చప్పుడునూ కలిపి తగ్గిస్తుంది. అయినా తక్కువ తన్నే తూటాతో మొదలుపెడితే తీరే సమస్యకు ముందు పెద్ద తూటా కొని తర్వాత దానికి కళ్లెం కొనడం దేనికి?

కాబట్టి ఎంపిక క్రమం తలకిందులు కావాలి. ఇప్పుడు ఎల్క్ పేరు చెప్పి తూటా నిర్ణయిస్తారు, తూటాకు తగ్గట్టు మనిషిని ఓర్చుకోమంటారు. ముందు మనిషితో మొదలుపెట్టాలి. కళ్లు తెరుచుకుని, ట్రిగ్గర్‌ను గుంజకుండా, ఒక పూటలో ఇరవై తూటాలు కాల్చినా చివరి తూటా మొదటిదానిలాగే పడే రైఫిల్ ఏదో అది ఆమె రైఫిల్. అందులో దొరికే బుల్లెట్లలో అన్నిటికన్నా గట్టిది ఆమె బుల్లెట్. ఇక్కడ మాత్రం ఖరీదుకు వెనకాడవద్దు. నన్నడిగితే 7ఎంఎం-08లో 140 గ్రెయిన్ల పార్టిషన్, లేదా 120 గ్రెయిన్ల రాగి బుల్లెట్. ఇంట్లో .308 ఉంటే 150 గ్రెయిన్ల గట్టి బుల్లెట్, .270 ఉంటే 130 గ్రెయిన్ల రాగి. 6.5 క్రీడ్‌మూర్ మీద చాలామందికి చిన్నచూపు ఉంది, అది లక్ష్యాల బొమ్మలకే అంటారు. మూస్ మీద స్వీడన్ ఇచ్చిన తీర్పు నాకు వాళ్ల చిన్నచూపు కన్నా పెద్దది. 140 గ్రెయిన్ల దరిదాపుల్లో, వేటకని చేసిన బుల్లెట్ అయితే చాలు. బొమ్మల పోటీలకు చేసిన పలుచని బుల్లెట్ వద్దే వద్దు. రైఫిల్ దుర్భిణితో కలిపి 8 పౌండ్లు ఉండనివ్వండి. రైఫిల్ వెనక, భుజానికి ఆనే మడమ పొడవు ఆమె చేతికి సరిపోయేలా కోయించండి. మగవాళ్ల కొలతకు చేసిన పొడుగాటి మడమ భుజం కొనకు, చేతి కండకు ఆని, అంత తన్నని తూటాను కూడా భరించరానిదిగా చేస్తుంది.

తన్ను తక్కువైతే దక్కే లాభం ఒకటి ఎవరూ చెప్పరు. పేలిన తర్వాత కూడా ఎల్క్ దుర్భిణిలోనే ఉంటుంది. బుల్లెట్ ఎక్కడ తగిలిందో, కాళ్లు ఎలా తడబడ్డాయో, ఎటు కదిలిందో కాల్చిన మనిషే చూస్తుంది. ఊపిరితిత్తులకు తగిలినా ఎల్క్ చాలాసార్లు ఏమీ జరగనట్టు నిలబడుతుంది. అప్పుడు బోల్ట్ లాగి రెండో తూటా వెంటనే పంపాలి, పడేదాకా పంపుతూనే ఉండాలి. మాగ్నమ్ గొట్టం ఆకాశం చూసి కిందికి దిగేలోపు ఎల్క్ చెట్ల చాటుకు పోతుంది, ఎక్కడ తగిలిందో ఎవరికీ తెలియదు. పోయిన ఎల్క్ కథలు ఎన్నో ఇక్కడే మొదలవుతాయి.

మాగ్నమ్ పనికిరానిదని నేననడం లేదు. ఏళ్ల తరబడి సాధన చేసి, ఉత్తుత్తి తూటా పరీక్షలో మూతి కదలని వేటగాడి చేతిలో అది మంచి పనిముట్టు. అలాంటివాళ్లు తమకు సరిపడిందే అందరికీ సరిపోతుందని చెప్పడం ఆపితే చాలు.

ఇప్పటికే మాగ్నమ్ కొనేసి, ఇంట్లో పెట్టెలో ఉందా? అమ్మేయండి, లేదా మీరే వాడుకోండి. ఆమె చేతికి ముందు .22 రైఫిల్ ఇవ్వండి, చెవులకు లోపలి బిరడాలూ పైన మఫ్‌లూ రెండూ పెట్టించండి. వేట రైఫిల్‌ను బల్ల మీద వాలి కాల్చడం గురి సరిచూసుకోవడానికి మాత్రమే. బల్ల మీద ఒళ్లు వెనక్కి కదలదు, దెబ్బంతా భుజం తింటుంది. మిగతా సాధన కూర్చుని, మోకాళ్ల మీద, ఊతకర్రల మీద సాగాలి. సెప్టెంబరు చివర్లో ఒక ఎనిమిదంగుళాల కాగితపు పళ్లెం పెట్టండి. కాస్త పరుగెత్తించి, ఆయాసం తీరకముందే, ఒక్కో చోటి నుంచి మొదటి తూటా మాత్రమే లెక్కపెట్టండి. ఆ మొదటి తూటాలన్నీ పళ్లెంలో పడే అతి ఎక్కువ దూరం ఆమె దూరం. అది 180 గజాలైతే, 300 గజాల అవతల నిలబడ్డ ఎల్క్ దగ్గరికి గాలికి ఎదురుగా, చెట్ల చాటున, ఇంకా 120 గజాలు నడవాలి. ఈలోపు అది వెళ్లిపోతే ఆ రోజుకు వేట అయిపోయినట్టే.